ఊపిరి పరీక్షతో లివర్ సంగతి తెలుస్తుందా? నాన్నగారికి ఫైబ్రోస్కాన్ బదులు అది చాలా?

మధురవాడ నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా: నాన్నగారికి 56 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. లివర్ ఎంజైములు ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 62, ప్లేట్‌లెట్లు 1.70 లక్షలు. డాక్టరు ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో బయటి నుంచే కొలిచే స్కాన్) చేయించమన్నారు, అవసరమైతే బయాప్సీ (సూదితో లివర్ ముక్క తీసి చూడటం) అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాన్నగారు ఆసుపత్రి గుమ్మం తొక్కనంటున్నారు. ఈలోగా, గంటసేపు గొట్టంలోకి ఊదితే లివర్ ఎంత పనిచేస్తోందో చెప్పే పరీక్ష ఒకటి ఉందని మీరు చదివారు. అది విశాఖలో దొరుకుతుందా, దాంతో సరిపెట్టుకోవచ్చా అన్నది ప్రశ్న.

సూటిగా చెబుతాను. అలాంటి పరీక్ష ఉంది, దాని వెనకున్న శాస్త్రం గట్టిదే. కానీ మీ నాన్నగారికి ఇప్పుడు కావలసింది అది కాదు. ఫైబ్రోస్కాన్ చేయించండి. దానికీ సూది లేదు, కోత లేదు, మత్తు లేదు, పట్టుమని పది నిమిషాలు పట్టదు. మీ నాన్నగారు భయపడుతున్నది బయాప్సీ గురించి. ఆ రెండూ ఒకటే అనుకుంటున్నారేమో, ముందు ఆ సంగతి ఆయనకి విడమరిచి చెప్పండి.

నేను విశాఖలో చాలా ఏళ్లుగా జీర్ణకోశ, కాలేయ వ్యాధుల వైద్యం చేస్తున్నాను. మాకు శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి కూడా రోగులు వస్తారు. "ఊదితే లివర్ తెలిసిపోద్దంట గదా డాక్టరుబాబూ, మరి ఇన్ని టెస్టులెందుకు?" అని ఈమధ్య తరచుగా అడుగుతున్నారు. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

లివర్ గురించి మనం అడగాల్సిన ప్రశ్నలు రెండు. కణజాలం ఎంతవరకు గట్టిపడింది, అంటే మచ్చ ఎంత ఏర్పడింది అన్నది ఒకటి. మిగిలిన కణాలు ఎంత పని చేయగలుగుతున్నాయి అన్నది రెండోది. అపార్ట్‌మెంట్ మోటారు నీళ్లు ఎంత ఎక్కిస్తోందో చూడటం వేరు, పైపుల్లో తుప్పు ఎంత పట్టిందో చూడటం వేరు. ఫైబ్రోస్కాన్ తుప్పు సంగతి చెబుతుంది, ఊపిరి పరీక్ష మోటారు సంగతి చెబుతుంది. ఫ్యాటీ లివర్ ఉన్న మనిషికి రాబోయే ఏళ్లలో ప్రమాదం ఎంత అన్నది ప్రధానంగా ఆ మచ్చ మీద ఆధారపడి ఉంటుంది. పైగా లివర్‌కి దేవుడిచ్చిన నిల్వ శక్తి చాలా ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న లివర్‌లో మూడింట రెండు వంతులు కోసి తీసేసినా మిగిలినది పని నెట్టుకొచ్చి, మళ్లీ పెరుగుతుంది. కాబట్టి మచ్చ గణనీయంగా పడిన తర్వాత కూడా చాలాకాలం పనితీరు బాగానే కనిపించవచ్చు. ఊపిరి పరీక్ష నార్మల్ వచ్చిందని నిశ్చింతగా కూర్చుంటే, మచ్చ తన దారిన తాను పెరుగుతూ ఉంటుంది.

రక్త పరీక్షల దగ్గరా ఇదే చిక్కు. గాజువాక నుంచి ఒక పెద్దాయన నా దగ్గరికి వేరే పని మీద, గ్యాస్ సమస్యతో వచ్చారు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ హద్దుల్లోనే ఉన్నాయి, బిలిరుబిన్ మామూలే. "ఎల్‌ఎఫ్‌టీ అంతా నార్మల్ సార్" అని కొడుకు ఫైలు ముందుకు తోశాడు. ఆ ఫైల్లో మామూలు రక్త పరీక్ష కాగితం ఒకటి ఉంది, ప్లేట్‌లెట్లు లక్షకు లోపు. లివర్‌లో మచ్చ ముదిరితే అవి తగ్గుతాయి. రెండేళ్ల కిందటి కాగితం తీయించి చూస్తే అప్పుడూ తక్కువే, కాకపోతే ఎవరూ దాన్ని లివర్‌తో ముడిపెట్టి చూడలేదు. ఫైబ్రోస్కాన్‌లో గట్టిదనం 20 కిలోపాస్కల్స్ పైన, అంటే చాలా ఎక్కువ వచ్చింది. ఎండోస్కోపీ చేస్తే అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయి. అవి పగలకముందే చూడగలిగాం కాబట్టి మందు మొదలుపెట్టాం. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ చెప్పేది కణాలు దెబ్బతిని లోపలి ఎంజైములు రక్తంలోకి కారుతున్నాయా లేదా అన్నది మాత్రమే. అవి మచ్చనూ కొలవవు, పనితీరునూ కొలవవు. పనితీరు గురించి కాస్తో కూస్తో చెప్పేవి బిలిరుబిన్, లివర్ తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రోటీన్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్. వాటిలోనూ తేడా కనిపించేసరికి వ్యాధి చాలా దూరం వెళ్లి ఉంటుంది. రక్తంలో ఉన్న ఆల్బుమిన్ సగానికి తగ్గడానికే దాదాపు మూడు వారాలు పడుతుంది, అందుకే ఆ అంకె ఆలస్యంగా కదులుతుంది.

అదిగో, ఆ ఖాళీని పూరించడానికే ఊపిరి పరీక్షలు పుట్టాయి. లివర్‌కి ఒక చిన్న పని అప్పజెప్పి, ఎంత వేగంగా చేస్తుందో అక్కడికక్కడే చూడటం వాటి వెనక ఆలోచన. 1974లోనే అమినోపైరిన్ అనే మందుకి రేడియోధార్మిక కార్బన్-14 తగిలించి, మింగించి, ఊపిరిలో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచిన పరిశోధన వెలువడింది. అమినోపైరిన్‌కి తెల్ల రక్తకణాలను దెబ్బతీసే గుణం ఉంది, కార్బన్-14కి రేడియేషన్ ఉంది. అందుకని తర్వాత్తర్వాత మెథాసెటిన్ అనే పదార్థానికీ, కార్బన్-13కీ మారారు. కార్బన్-13లో రేడియేషన్ ఉండదు. ప్రకృతిలోని కార్బన్‌లో దాదాపు 1.1 శాతం అదే, మనం తినే అన్నంలోనూ ఉంది.

మెథాసెటిన్ లోపలికి వెళ్లాక లివర్ కణాల్లోని సీవైపీ1ఏ2 అనే ఎంజైము దాన్ని విడగొడుతుంది. ఒక ముక్క పారాసెటమాల్ అవుతుంది, మనం జ్వరానికి వేసుకునేదే. కార్బన్-13 తగిలించిన రెండో ముక్క చివరికి కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఊపిరితిత్తుల గుండా బయటికి వస్తుంది. కణాలు బాగుంటే మొదటి ఇరవై నిమిషాల్లోనే ఊపిరిలో కార్బన్-13 గభాలున పెరిగి పతాకస్థాయికి చేరుతుంది. లివర్ నిండా మచ్చ పడిన సిర్రోసిస్‌లో ఆ పెరుగుదలని చూపే గీత నెమ్మదిగా లేస్తుంది, చదునుగా ఉండిపోతుంది.

పీజీ తర్వాత సూపర్ స్పెషాలిటీ చదివే రోజుల్లో ఒక పరిశోధనలో భాగంగా మేం ఈ పరీక్ష చేసేవాళ్లం. రోగి పరగడుపున వస్తారు. ముందు ఒక నమూనా తీసుకోవాలి. సన్నటి గాజుగొట్టం అడుగుదాకా స్ట్రా పెట్టి, మెల్లగా ఊదమని, గొట్టం లోపలి గోడ మీద ఆవిరి పట్టాక, ఇంకా ఊదుతుండగానే స్ట్రా పైకి లాగి మూత బిగించాలి. ముందు ఊదడం ఆపేసి తర్వాత స్ట్రా తీస్తే గది గాలి లోపలికి చేరుతుంది, ఆ నమూనా పనికిరాదు. తర్వాత 75 మిల్లీగ్రాముల మెథాసెటిన్ నీళ్లలో కలిపి తాగించి, పది నిమిషాలకోసారి ఒక్కో గొట్టం నింపాలి. ఆ గంటసేపూ రోగి కదలకుండా కూర్చోవాలి. బాత్రూముకని లేచి నాలుగు మెట్లు ఎక్కి దిగినా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తయారయ్యే వేగం మారిపోతుంది, లెక్క తప్పుతుంది. ఫోన్ మాట్లాడుతూ వరండాలో తిరిగే వాళ్లను కూర్చోబెట్టడమే ఆ రోజుల్లో మా ప్రధాన పని. ఇప్పుడు ముక్కు దగ్గర సన్న గొట్టం పెట్టి, ఊపిరిని యంత్రమే నేరుగా పీల్చుకుని లెక్కగట్టే పద్ధతి కూడా వచ్చింది.

ఇక ఈ పరీక్షను పక్కదారి పట్టించే విషయాలు. ఇవి తెలిస్తేనే దాని పరిమితి అర్థమవుతుంది.

మొదటిది, మన తిండే. మీ నాన్నగారు పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగుతారని రాశారు. చోళ్లు, జొన్నలు, గంట్లు (సజ్జలు), మొక్కజొన్న, చెరకు, ఇవన్నీ గాలిలోని కార్బన్‌ని పట్టుకునే తీరు వరి, గోధుమల కంటే భిన్నం. వాటిలో సహజంగానే కార్బన్-13 పాలు కొంచెం ఎక్కువ. తేడా చూడటానికి అతిచిన్నది, కానీ ఈ పరీక్ష కొలిచేదే అలాంటి అతిచిన్న తేడాల్ని. ఒక గ్లాసు అంబలి, అందులో ఒక ముక్క అనకాపల్లి బెల్లం వేసుకుని వచ్చి ఊదితే, మందు పడకముందే ఊపిరిలో కార్బన్-13 కదులుతూ ఉంటుంది. మొదటి నమూనాని లెక్కలోంచి తీసేస్తాం గదా అంటారేమో, తాగింది అరుగుతున్నంతసేపూ ఆ మొదటి మట్టమే నిలకడగా ఉండదు. అందుకే రాత్రి నుంచి ఖాళీ కడుపు అని అంత పట్టుబడతారు.

రెండోది పొగ. పొగాకు పొగ సీవైపీ1ఏ2 ఎంజైముని రెచ్చగొడుతుంది. సిగరెట్, బీడీ, చుట్ట ఏదైనా అంతే. మన తీరప్రాంతంలో, శ్రీకాకుళం పల్లెల్లో చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దావిడలు ఇప్పటికీ వస్తుంటారు. వాళ్లలో లివర్ నిజంగా ఉన్నదానికంటే చురుగ్గా ఉన్నట్టు ఫలితం రావచ్చు. బొగ్గుల మీద కాల్చిన మాంసానిదీ అదే ప్రభావం. దీనికి పూర్తిగా ఎదురు తిరిగేవి కొన్ని మందులు. సిప్రోఫ్లాక్సాసిన్ యాంటీబయాటిక్, ఫ్లూవాక్సమిన్, గర్భనిరోధక మాత్రలు ఆ ఎంజైముని అణిచేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న లివర్ కూడా మందకొడిగా కనిపిస్తుంది. కాఫీ కూడా అదే ఎంజైము మీద నడిచేది కాబట్టి పరీక్ష రోజు పొద్దున అదీ వద్దు.

మూడోది మీ నాన్నగారికి నేరుగా వర్తిస్తుంది. చాలాకాలం షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి కడుపు ఖాళీ అవడం ఆలస్యమవుతుంది. మందు కడుపులోనే కూర్చుంటే లివర్‌కి ఎప్పుడు చేరుతుంది? గీత ఆలస్యంగా లేస్తుంది, అది లివర్ తప్పు కాదు. జర్మనీలో అభివృద్ధి చేసిన లైమాక్స్ అనే పద్ధతిలో మెథాసెటిన్‌ని నరంలోకి ఎక్కించేది ఇందుకే. కిలో బరువుకి 2 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. ఫలితం గంటకి కిలోకి ఇన్ని మైక్రోగ్రాములు అని వస్తుంది, 315 పైన ఉంటే సాధారణం అంటారు. కడుపు సమస్య తప్పుతుంది గానీ సూది మాత్రం తప్పదు.

ఇంతకీ ఈ పరీక్ష ఎక్కడ బాగా ఉపయోగపడుతుంది? నా అభిప్రాయంలో దాని అసలు చోటు ఆపరేషన్‌కి ముందు. లివర్‌లో గడ్డ ఉంది, కుడి భాగమంతా తీసేయాలి, మిగిలే భాగం మనిషిని నిలబెడుతుందా అన్నది సర్జన్ ముందున్న ప్రశ్న. సీటీలో మిగిలే భాగం ఎంత పరిమాణమో కొలుస్తాం. కానీ అదే పరిమాణం ఒకరిలో మంచి లివర్, ఇంకొకరిలో సగం చచ్చిన లివర్ కావచ్చు. అక్కడ పనితీరుని అంకెలో చెప్పే పరీక్షకి విలువ ఉంది. జపాన్ సర్జన్లు ఇదే పనికి ఐసీజీ అనే ఆకుపచ్చ రంగుని నరంలోకి ఇచ్చి, 15 నిమిషాల తర్వాత రక్తంలో ఎంత మిగిలిందో చూస్తారు. ఇప్పటికే సిర్రోసిస్ అని తేలినవాళ్లలో నిల్వ ఎంత మిగిలిందో అంచనా కట్టడానికీ ఊపిరి పరీక్ష మీద చాలా పని జరిగింది. అయినా రోజువారీ నిర్ణయాలకి మేం ఇప్పటికీ వ్యాధి తీవ్రతని లెక్కగట్టే ఛైల్డ్-పగ్, మెల్డ్ స్కోర్ల మీదే నడుస్తున్నాం. బిలిరుబిన్, ఐఎన్‌ఆర్, క్రియాటినిన్ లాంటి ఎక్కడైనా దొరికే పరీక్షలతో అవి తేలిపోతాయి. నా ప్రాక్టీసులో లివర్ ఊపిరి పరీక్ష లేదు. ఫ్యాటీ లివర్ రోగిని దానికోసం ఊరు దాటించి పంపను కూడా.

ఒక హెచ్చరిక మాత్రం తప్పకుండా చెప్పాలి. మన ఊళ్లో ల్యాబులో "బ్రెత్ టెస్ట్ ఉందా" అని అడిగితే ఉందనే చెబుతారు. అది దాదాపు ఎప్పుడూ కడుపులోని హెచ్ పైలోరీ బ్యాక్టీరియా కోసం చేసే యూరియా బ్రెత్ టెస్ట్. అందులో ఇచ్చేది యూరియా. దాన్ని విడగొట్టేది బ్యాక్టీరియా, లివర్ కాదు. అల్సర్ విషయంలో అది చాలా మంచి పరీక్ష, లివర్ గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. విజయనగరం నుంచి ఒక దంపతులు నెగటివ్ అని ఉన్న ఆ రిపోర్టు పట్టుకొచ్చి, లివర్ బాగుందని తేలిపోయింది గదా అని లివర్ మందులు, అపాయింట్‌మెంట్లు అన్నీ మానేసి ఉన్నారు. ఆయనకి అప్పటికే కాళ్ల వాపు మొదలైంది. పేగుల్లో బ్యాక్టీరియా కోసం చేసే హైడ్రోజన్ బ్రెత్ టెస్ట్ మూడోది, దానికీ లివర్ పనితీరుకీ సంబంధం లేదు.

ఊపిరి వాసనతో లివర్ జబ్బు పట్టే యంత్రాల గురించి కూడా మీరు చదివి ఉండొచ్చు. లివర్ బాగా చెడిపోయినవాళ్ల ఊపిరిలో ఒకరకమైన తియ్యటి, ముక్కిన వాసన వస్తుంది. డైమిథైల్ సల్ఫైడ్ అందుకు ముఖ్య కారణం. వార్డులో రోగి పక్కన నిలబడితే మాకు తెలుస్తుంది. నారింజ, నిమ్మ తొక్కల్లో ఉండే లిమొనీన్‌ని చెడిన లివర్ సరిగ్గా విడగొట్టలేదు కాబట్టి సిర్రోసిస్ రోగుల ఊపిరిలో అది ఎక్కువగా కనిపిస్తోందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆసక్తికరమైన దారి, ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

ఇప్పుడు మీ నాన్నగారి విషయం. మీరిచ్చిన అంకెలతోనే ఒక లెక్క వేయవచ్చు, దాని పేరు ఫిబ్-4. వయసుని ఎస్‌జీఓటీతో గుణించాలి. వచ్చినదాన్ని, వేలల్లో రాసిన ప్లేట్‌లెట్ల సంఖ్యని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించగా వచ్చినదానితో భాగించాలి. 56ని 48తో గుణిస్తే 2688. 62కి వర్గమూలం సుమారు 7.87, దాన్ని 170తో గుణిస్తే సుమారు 1339. భాగిస్తే 2.0 వస్తుంది. 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. 65 దాటినవాళ్లకి కింది హద్దు 2.0గా తీసుకుంటాం. మీ నాన్నగారిది మధ్యలో పడింది. మధ్యలో పడ్డవాళ్లకి తర్వాతి మెట్టు ఫైబ్రోస్కాన్. మీ డాక్టరు చెప్పింది అక్షరాలా సరైన మాట.

ఫైబ్రోస్కాన్‌కి వెళ్లే ముందు కనీసం మూడు గంటలు ఏమీ తినకూడదు, తింటే లివర్‌కి రక్తప్రవాహం పెరిగి లేనిపోని గట్టిదనం కనిపిస్తుంది. ఎస్‌జీపీటీ వందల్లో ఉన్నప్పుడు, కామెర్లు ఉన్నప్పుడు, గుండె వైఫల్యం ఉన్నప్పుడు కూడా అంకె అబద్ధం చెబుతుంది. మీ నాన్నగారికి ఆ ఇబ్బంది లేదు. కుడి పక్కటెముకల మధ్య ఒక పరికరం పెట్టి చిన్నగా తడుతున్నట్టు చేస్తారు, నొప్పి ఉండదు. బొజ్జ, లావు ఉన్నవాళ్లకి ఎక్స్‌ఎల్ ప్రోబ్ వాడమని అడగండి. రిపోర్టులో కనీసం పది సరైన కొలతలు ఉన్నాయో లేదో, వాటి హెచ్చుతగ్గులు చెప్పే ఐక్యూఆర్ 30 శాతం లోపు ఉందో లేదో చూడండి. ఆ రెండూ లేని రిపోర్టుని నేను నమ్మను, మళ్లీ చేయిస్తాను. 8 కిలోపాస్కల్స్ లోపు వస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. 12 దాటితే లివర్ నిపుణుడి దగ్గర గట్టిగా పట్టించుకోవాలి. మధ్యలో వస్తే ఇంకో పరీక్షతో సరిచూస్తాం. పక్కనే క్యాప్ అని ఇంకో అంకె ఉంటుంది, అది కొవ్వుది. దాన్ని చూసి కంగారుపడకండి, భవిష్యత్తు చెప్పేది కిలోపాస్కల్స్ అంకె.

బయాప్సీ దాకా వెళ్లేవాళ్లు ఈ రోజుల్లో చాలా తక్కువ. ఫ్యాటీ లివర్‌తో పాటు ఆటోఇమ్యూన్ హెపటైటిస్ లాంటిది కలిసి ఉందని అనుమానం వచ్చినప్పుడో, పరీక్షలు ఒకదానికొకటి పొసగనప్పుడో అడుగుతాం. నాన్నగారికి ఈ మాట మీరే చెప్పండి. "ఇప్పుడు చేసేది బయాప్సీ కాదు నాన్నా, పక్కటెముకల మీద పరికరం పెట్టి చూసి పంపిస్తారు" అంటే వస్తారు. నా దగ్గరికి రానని భీష్మించిన పెద్దవాళ్లలో ఎక్కువమంది ఈ ఒక్క మాటతో వచ్చారు.

అంబలి మానక్కర్లేదు, బెల్లం మాత్రం తగ్గించమనండి, షుగర్ ఉంది కాబట్టి. మద్యం అలవాటు ఉంటే పూర్తిగా ఆపాలి. బరువు ఎక్కువ ఉంటే అందులో పదో వంతు తగ్గగలిగితే మచ్చ కూడా వెనక్కి తగ్గే అవకాశం ఉంది, దానికి సాటి వచ్చే ఊపిరి పరీక్ష గానీ టానిక్ గానీ లేదు. తిప్పతీగ లాంటి ఆకు పసర్లు, ఊరూపేరూ లేని పొడులు ఏవైనా వాడుతుంటే డాక్టరుకి దాచకుండా చెప్పండి. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న కేసుల్ని మన దేశ వైద్యులే నివేదించారు. హెపటైటిస్ బి, సి పరీక్షలు ఒక్కసారైనా చేయించారో లేదో చూడండి, మీరు రాసినదాంట్లో అవి కనిపించలేదు.

రక్తపు వాంతి, తారులాంటి నల్ల విరేచనం, పొట్ట ఉబ్బడం, పగలంతా మత్తుగా ఉండి రాత్రి నిద్రపట్టకపోవడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా ఏ స్కాన్ కోసమూ ఆగకుండా అదే పూట విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కో, దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికో తీసుకెళ్లండి.

ఫైబ్రోస్కాన్ అయ్యాక రిపోర్టు ఇక్కడ పెట్టండి. పేరు, ఫోన్ నంబరు కొట్టేసి, కిలోపాస్కల్స్, ఐక్యూఆర్ అంకెలు కనిపించేలా ఫొటో తీయండి. నాన్నగారి ఎత్తు, బరువు, వాడుతున్న షుగర్ మాత్రల పేర్లు కూడా రాయండి, చూసి చెబుతాను.